శాస్త్రీయ వివరణకు హద్దులున్నవా?

మన అభ్యుదయ సాహిత్య విమర్శలో "శాస్త్రీయం" అనే విశేషణానికి వున్నంత గౌరవం మరో మాటకు లేదు. ఒక రచనను మెచ్చుకోదలిస్తే అందులో శాస్త్రీయ దృక్పథం వుందంటాము. తోసిపుచ్చదలిస్తే అశాస్త్రీయమంటాము. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిననాటినుంచీ ఈ మాట మనకు ఆయుధంగా పనిచేసింది. కర్మసిద్ధాంతాన్నీ, తలరాతనూ, శకునాలనూ ఎదుర్కొనటానికి ఇంతకంటె పదునైన ఆయుధం మనకు లేదు. కనుక ఆ మాట విలువను తగ్గించటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ మాటను మనం ఎక్కడెక్కడ, ఏ హక్కుతో వాడుతున్నామో పరిశీలించటమే ఉద్దేశం.

"శాస్త్రం" అనే మాటకు తెలుగులో ఒక పూర్వచరిత్ర వుంది. శాసించటం అనే అర్థమున్న ధాతువునుంచే శాసనమూ పుట్టింది, శాస్త్రమూ పుట్టింది. "శాస్త్రం ఒప్పుకోదు" అని పురోహితుడు అంటే అక్కడితో వాదన ముగిసిపోయేది. వితంతువు పెళ్లికి శాస్త్రం ఒప్పుకోలేదు. పంచములకు చదువు చెప్పటానికీ ఒప్పుకోలేదు. వీరేశలింగం మొదలుకొని త్రిపురనేని రామస్వామి దాకా మన సంస్కర్తలు ఆ శాస్త్రంతో పోరాడారు. ఆ పీటమీదనుంచి దాన్ని దింపి, విజ్ఞానశాస్త్రాన్ని కూర్చోబెట్టాము. మంచిపనే చేశాము. అయితే ఆ పీట అలవాట్లు కొన్ని కొత్తగా కూర్చున్నదానికీ అంటుకున్నాయి. ఇవాళ "సైన్సు తేల్చేసింది" అంటే కూడా వాదన అక్కడితో ముగియాలని కొందరు ఆశిస్తున్నారు. ప్రశ్నించటం నేర్పవలసిన శాస్త్రం పేరుతోనే ప్రశ్నను ఆపటం జరుగుతున్నది.

ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడాలి. విజ్ఞానశాస్త్రం అనేది ప్రపంచాన్ని పరిశీలించి, ప్రయోగించి, తప్పులు దిద్దుకుంటూ తెలుసుకునే పద్ధతి. ఆ పద్ధతికి అందని ప్రశ్నలన్నీ అర్థంలేని ప్రశ్నలే, దానికి లొంగనిదేదీ జ్ఞానం కాదు అనే తీర్పు వేరు. దీన్ని శాస్త్రమాత్రవాదం అందాము. మొదటిది శాస్త్రం, రెండవది శాస్త్రాన్ని గురించిన ఒక తాత్విక ప్రతిపాదన. ఈ ప్రతిపాదనను ఏ ప్రయోగశాలా రుజువు చేయలేదు, చేయలేదు కూడా. అనుభవంతో పరీక్షించటానికి వీలులేని వాక్యాలకు, తర్క గణిత వాక్యాలను మినహాయిస్తే, అర్థమే లేదని 1936లో ఇంగ్లండులో ఏయర్ అనే తత్వవేత్త వాదించాడు. మరి ఆయన చెప్పిన ఆ వాక్యాన్ని పరీక్షించేది ఏ అనుభవంతో అన్న ప్రశ్నకు ఆ సంప్రదాయంలోనివారే తృప్తికరమైన జవాబు చెప్పుకోలేకపోయారు. తత్వశాస్త్రాన్ని గెంటివేయబోయినవాడు తత్వశాస్త్రపు గడపమీదనే నిలబడివున్నాడు.

ఇదంతా పండితుల వాదంగా కనిపించవచ్చు. కాదని నాకు తరగతిగదిలో తెలిసింది.

*

గోపీచంద్ రాసిన "అసమర్థుని జీవయాత్ర"ను తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవల అంటాము. పాఠ్యపుస్తకాలలోనూ, పరీక్ష సమాధానాలలోనూ ఈ బిరుదు స్థిరపడిపోయింది. వంశప్రతిష్ఠ కోసం ఆస్తిని కరగబెట్టుకున్న సీతారామారావు, క్రమంగా తనవారితోనూ, లోకంతోనూ, చివరకు తనతోనూ పడలేక, శ్మశానంలో దారుణంగా మరణిస్తాడు. ఆ పతనాన్ని బోధించేటప్పుడు ఆత్మన్యూనతాభావం, అహంభావం, అంతఃసంఘర్షణ అనే మాటలు వాడతాము. ఫ్రాయిడును, ఆడ్లరును తీసుకువస్తాము. నేనూ అదే పని చేశాను. పాఠం ముగిశాక ఒక విద్యార్థి లేచి, "మా వూళ్లో పత్తి పెట్టి నష్టపోయి పురుగుమందు తాగినవాళ్లది కూడా ఆత్మన్యూనతేనా సార్?" అని అడిగాడు.

స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతంలో ఈ ప్రశ్న ఎగతాళికి అడిగేది కాదు. 2016 దాకా మా మండలం వరంగల్ జిల్లాలోనిది. 1997-98లో వందలాది పత్తిరైతుల ఆత్మహత్యలతో దేశమంతటా పేరు వినిపించిన జిల్లా అది. విద్యార్థికి అప్పుడు నేను సూటిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నం.

సీతారామారావు రోగా, దోషా, బాధితుడా అన్నది నవల మన ముందు పెట్టే ప్రశ్న. నవల పేరునే గమనించండి. "అసమర్థుడు" అనే మాట ఏ మనశ్శాస్త్ర గ్రంథంలోనూ రోగనామం కాదు. అది ఒక తీర్పు. దేనికి అసమర్థుడు? ఆస్తి నిలబెట్టుకోవటానికా, మనుషులను ప్రేమించటానికా, తాను పుట్టిన వర్గపు విలువలను వదిలించుకోవటానికా? పాఠకుడు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదువుతాడు. సీతారామారావుమీద కోపం తెచ్చుకుంటాడు, జాలిపడతాడు, తనలోనూ అతడి ఛాయ చూసి భయపడతాడు. ఆత్మన్యూనత అనే పేరు పెట్టగానే ఈ ప్రశ్నలన్నీ ఒక్కసారి చల్లారిపోతాయి. వ్యాధికి పేరు దొరికింది, ఇక ఆలోచించవలసిన పని లేదు అన్నట్లు అవుతుంది. మనశ్శాస్త్రం తప్పు చెప్పిందని కాదు. అది తన పని తాను చేసింది. ఆ పని పూర్తికాగానే నవల పని కూడా పూర్తయిందని మనం అనుకోవటమే పొరపాటు.

*

ఇప్పుడు విద్యార్థి అడిగిన చావుల దగ్గరికి వద్దాము. 1997-98లో వరంగల్ జిల్లాలో ఏం జరిగింది?

కీటకశాస్త్రం ఒక వివరణ ఇస్తుంది. పత్తిమీద పొగాకు లద్దె పురుగు విపరీతంగా విజృంభించింది. ఏళ్ల తరబడి అవే మందులు మళ్లీమళ్లీ చల్లటంవల్ల వాటిని తట్టుకున్న పురుగులే మిగిలి సంతతిని పెంచుకున్నాయి. మందు పనిచేయకపోతే రైతు మరింత చల్లాడు. మరింత చల్లినకొద్దీ మందు మరింత పనిచేయకుండా పోయింది. ఇది నిజం. పదేళ్ల క్రితం, 1987-88లో, గుంటూరు ప్రకాశం జిల్లాల పత్తిరైతులను తెల్లదోమ ఇలాగే దెబ్బతీసింది.

అర్థశాస్త్రం మరో వివరణ ఇస్తుంది. పత్తికి అంతగా అనువుకాని చెల్క నేలలలో కూడా రైతులు పత్తి వేశారు. బ్యాంకు అప్పు దొరకని కౌలుదారూ, చిన్నరైతూ ప్రైవేటు అప్పుకు పోయారు. విత్తనం, మందు, అప్పు మూడూ ఒకే దుకాణంలో దొరికేవి. ఏ మందు కొట్టాలో సలహా చెప్పేవాడూ ఆ దుకాణదారే. పంట పోతే అప్పు నిలిచింది. ఇదీ నిజమే.

శరీరశాస్త్రం వివరణ అన్నిటికంటె ఖచ్చితమైనది. ఆ పురుగుమందులలో ఎక్కువభాగం నరాలకు, కండరాలకు మధ్య సందేశాలను అదుపుచేసే ఎంజైమును పనిచేయనివ్వవు. పురుగును చంపే పద్ధతీ, మనిషిని చంపే పద్ధతీ ఒకటే. ఆ విషం తాగిన మనిషి ఊపిరి ఎందుకు ఆగుతుందో అణుస్థాయిలో చెప్పవచ్చు.

సమాజశాస్త్రం కూడా తన మాట చెబుతుంది. 1897లో ఫ్రాన్సులో దుర్కెం ఆత్మహత్యల మీద రాసిన గ్రంథంలో, వ్యక్తుల మనస్సులను విడిగా చూస్తే అర్థంకాని లెక్కలు సమాజపు బంధాలను చూస్తే అర్థమవుతాయని నిరూపించబూనాడు. ఒక ప్రాంతంలో ఆత్మహత్యల సంఖ్య ఎందుకు పెరిగిందో అది చెప్పగలదు. ఆ అప్పే, ఆ పురుగే, ఆ వర్షమే అనుభవించిన ఇద్దరు పక్కపక్క రైతులలో ఒకడు డబ్బా ఎత్తాడు, ఒకడు ఎత్తలేదు. ఆ ఒక్కడి సంగతి చెప్పటం దాని పని కాదు.

ఈ నాలుగు వివరణలూ ఒకదానినొకటి కొట్టివేయవు. నాలుగూ కావలసినవే. ఈ నాలుగూ లేకుండా ఆ చావులను గురించి మాట్లాడటం బాధ్యతలేని పని. అయితే ఈ నాలుగింటినీ కలిపినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది: ఇందులో తప్పు ఎవరిది?

పురుగుకు కారణం వుంది, నేరం లేదు. అకాలవర్షానికి కారణం వుంది, నేరం లేదు. కల్తీ మందు అమ్మినవాడికి కారణమూ వుంది, నేరమూ వుంది. లాభంకోసం అమ్మాడు అనేది కారణం. అమ్మకూడదు అనేది ఏ లాభనష్టాల పట్టికలోనూ కనిపించదు. అది మనుషులు ఒకరికొకరు బాధ్యులని ఒప్పుకున్నచోట మాత్రమే కనిపించేది. అలాగే రైతు చావుకు మెదడులోని రసాయనాలలో కారణం వుండవచ్చు. కాని "నలుగురిలో తలెత్తుకోలేను" అని అతడు అనుకున్నాడే, అది కారణం మాత్రమే కాదు. అది అతడి హేతువు. కారణాన్ని గురించి అది వుందా లేదా అని మాత్రమే అడగగలము. హేతువును గురించి అది సరైనదా కాదా అనికూడా అడగగలము. తలదించుకోవలసింది నీవు కాదు అని అతడితో వాదించగలము. పురుగుతో వాదించలేము.

శాస్త్రీయ వివరణకు హద్దు ఇక్కడ వుంది. ఇంకా పరిశోధన జరగకపోవటంవల్ల ఏర్పడిన హద్దు కాదిది; రేపు మరో పరికరం వస్తే చెరిగిపోదు. కారణాలను వెతికే పద్ధతికి న్యాయాన్యాయాలు కనిపించకపోవటం దాని లోపం కాదు. దాని స్వభావమే అది. ఆ స్వభావం వల్లనే అది అంత బలంగా పనిచేస్తుంది.

శాస్త్రమాత్రవాదం చేసే పని ఏమిటంటే, న్యాయాన్యాయాల ప్రశ్నను కూడా కారణాల ప్రశ్నగా మార్చివేయటం. దానివల్ల లాభం ఎవరికో మనం ఆలోచించాలి. 2002లో కర్ణాటక ప్రభుత్వానికి వీరేశ్ కమిటీ ఇచ్చిన నివేదిక తాగుడు, కుటుంబ కలహాలు వంటి వ్యక్తిగత కారణాలకే ప్రాధాన్యం ఇచ్చిందని విమర్శ వచ్చింది. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో జయతీ ఘోష్ అధ్యక్షతన ఏర్పడిన రైతు సంక్షేమ కమిషన్ ప్రభుత్వ విధానాలవైపు వేలెత్తి చూపింది. రెండింటిలోనూ చదువుకున్నవారే వున్నారు. ఏ కారణాన్ని ముందుంచాలి, దేన్ని వెనక పెట్టాలి అన్న ఎంపికలోనే తేడా వచ్చింది. ఆ ఎంపికను లెక్కలు చేయవు, మనుషులు చేస్తారు. తాము ఎంపిక చేస్తున్నామని ఒప్పుకోకుండా, శాస్త్రమే ఇలా చెప్పింది అనటంలో ప్రమాదం వుంది.

2002లో బిటి పత్తికి అనుమతి వచ్చింది. తొలి ఏళ్లలో కాయతొలుచు పురుగు ఉధృతి తగ్గింది. తరువాత గులాబిరంగు పురుగు దానినీ తట్టుకోవటం నేర్చింది. ఈ మధ్యకాలమంతా రైతుల ఆత్మహత్యలు ఆగలేదు. సమస్యలో పురుగు భాగాన్ని శాస్త్రం కొంత పరిష్కరించింది. అప్పుభాగం, కౌలుభాగం, గౌరవభాగం అలాగే మిగిలిపోయినవి. అవి రాజకీయ పరిష్కారాలు కోరేవి.

*

ఈ పొరపాటు మన ఇంటి బయటిది మాత్రమే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్లే. కాలేయం పైత్యరసాన్ని స్రవించినట్లే మెదడు ఆలోచనను స్రవిస్తుందన్న ధోరణిలో 1847లో జర్మనీలో ఫోగ్ట్ రాశాడు. భౌతికవాది అయిన ఎంగెల్సే ఇటువంటి ధోరణిని చౌకబారు భౌతికవాదంగా నిరసించాడు. అంతకు రెండేళ్ల ముందే, 1845లో, మార్క్స్ ఫాయర్‌బాక్‌ను గురించి రాసుకున్న సూత్రాలలో, పాత భౌతికవాదం లోకాన్ని చూడబడే వస్తువుగానే పట్టుకుంది గాని మనిషి ఆచరణగా పట్టుకోలేదని విమర్శించాడు. ఆచరణ అన్నప్పుడు అందులో ఉద్దేశం వుంది, తప్పొప్పులున్నాయి, బాధ్యత వుంది. వీటిని తీసివేస్తే మిగిలేది యాంత్రిక భౌతికవాదం. దానితో విప్లవం చేయటం మాట అటుంచి, సమ్మె కూడా చేయలేము. కూలి తక్కువ ఇవ్వటం అన్యాయం అని అనుకోనివాడు పని ఎందుకు ఆపుతాడు?

దీనికి ఎదురుగా మరో పొరపాటూ మన చరిత్రలో వుంది. 1948లో సోవియట్ వ్యవసాయ అకాడమీలో లైసెంకో సిద్ధాంతానికి పార్టీ ముద్ర వేసి, జన్యుశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రమన్నారు. గొప్ప వృక్షశాస్త్రవేత్త వావిలోవ్ అంతకు ముందే, 1943లో, జైలులో మరణించాడు. ఇక్కడ శాస్త్రం తన హద్దు దాటలేదు. రాజకీయమే శాస్త్రపు పొలంలోకి చొరబడింది. గోధుమగింజ వారసత్వ నియమాలు ఏమిటో తీర్మానాలు నిర్ణయించలేవు. రెండు పక్షాలూ హద్దును గౌరవించాలి.

*

గోపీచంద్ జీవితమే మనకు ఇక్కడ పాఠం కాగలదు. ఆయన కవిరాజు త్రిపురనేని రామస్వామి కుమారుడు. హేతువాదాన్ని ఉగ్గుపాలతో తాగినవాడు. ఎం. ఎన్. రాయ్ అనుయాయిగా రాడికల్ డెమోక్రటిక్ పార్టీకి ఆంధ్రలో కార్యదర్శిగా పనిచేశాడు. రాయ్ 1947 నాటి నవ్యమానవవాదంలో నీతిని కూడా జీవశాస్త్రం మీద నిలబెట్టబోయాడు. అంతరాత్మ అనేది పరిసరాలకు జీవి చూపే ప్రతిస్పందనే, కనుక నీతి కూడా ప్రకృతినియమాలకు లోబడిన హేతువే అన్నది ఆయన వాదన. మతం లేకుండా నీతి నిలబడుతుందని చూపాలన్న సంకల్పం ఉదాత్తమైనదే. కాని పరిసరాలకు ప్రతిస్పందించటం దొంగకూ వుంది, దొరకూ వుంది. ఏ ప్రతిస్పందన మంచిదో చెప్పటానికి మరో కొలబద్ద కావాలి. అది జీవశాస్త్రంలో దొరకదు.

ఆ గోపీచందే తరువాత అరవిందుని తత్వంవైపు మొగ్గాడు. మరణానంతరం 1963లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన "పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా" నాటికి ఆయన దృష్టి చాలా మారింది. దీన్ని మనవారు పలాయనమని తేలికగా కొట్టివేశారు. నా ఉద్దేశంలో అందులో ఒక తర్కం వుంది. శాస్త్రం ఇవ్వలేనిదాన్ని శాస్త్రాన్ని అడిగినవాడు, అది ఇవ్వలేదని తెలిసిన రోజున శాస్త్రంమీదనే నమ్మకాన్ని సడలించుకుంటాడు. బతుకు ఎందుకు అనే ప్రశ్నకు జవాబు సైన్సే చెప్పాలి, లేకపోతే యోగమే చెప్పాలి అన్న రెండే దారులు అతడికి కనిపిస్తాయి. మూడవ దారి, మనుషులు కలిసి ఆలోచించి, పోట్లాడి, బాధ్యత పంచుకొని విలువలను నిర్మించుకునే దారి, కనిపించదు. శాస్త్రమాత్రవాదమూ, ఆధ్యాత్మికవాదమూ పైకి శత్రువులు. కాని మొదటిది ఆశపెట్టి తీర్చలేని ఆకలినే రెండవది సొమ్ము చేసుకుంటుంది.

*

ఇక రెండు అభ్యంతరాలు. "శాస్త్రమాత్రవాదం" అనే నింద వామపక్షంమీద వేసినవాడు హయెక్ కదా, శత్రువు మాటను మనమెందుకు ఎత్తుకోవాలి అని కొందరు మిత్రులు అడుగుతారు. నిజమే, 1940లలో హయెక్ ఈ మాటను ప్రణాళికలకు వ్యతిరేకంగా ప్రచారం చేశాడు. మనుషుల సమాజాన్ని యంత్రంలా చూడరాదన్నంతవరకు అతడితో మనకు పేచీ లేదు. కాని అదే హయెక్ 1976లో, మార్కెట్ ఎవరూ ఉద్దేశపూర్వకంగా నడిపించని వ్యవస్థ కనుక దాని ఫలితాలను న్యాయమనిగాని అన్యాయమనిగాని అనటానికే వీలులేదని, సామాజిక న్యాయం అర్థంలేని మాటని వాదించాడు. ముందు తలుపున గెంటినదాన్ని దొడ్డితలుపున తెచ్చుకోవటమంటే ఇదే. పత్తి ధర పడిపోవటాన్ని వర్షం పడకపోవటంతో సమానం చేశాడు. ధర వెనక చట్టాలున్నాయి, సుంకాలున్నాయి, సంతకాలున్నాయి. వాటికి మనుషులు జవాబుదారులు.

రెండవ అభ్యంతరం ఇంకా బరువైనది. శాస్త్రానికి హద్దులున్నాయంటే బాణామతికీ, చేతబడికీ తలుపు తెరిచినట్లు కాదా? మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన తెలంగాణలో ఈ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. జవాబు స్పష్టంగానే వుంది. ఫలానా ముసలమ్మ మంత్రంవల్ల ఫలానా బిడ్డకు జ్వరం వచ్చిందనటం కారణాన్ని గురించిన మాట. కారణాల పొలం మొత్తం శాస్త్రానిదే. అక్కడ మంత్రగాడికి గజం జాగా కూడా లేదు. జ్వరం ఎందుకు వచ్చిందో నెత్తురు పరీక్ష చెబుతుంది. ఆ ముసలమ్మను కొట్టటం ఎందుకు తప్పో మాత్రం నెత్తురు పరీక్ష చెప్పదు. ఒకవేళ వూరంతా ఆమె మంత్రగత్తె అని నమ్మినా ఆమెను కొట్టకూడదు. ఇది చెప్పటానికి మనకు శాస్త్రంతోపాటు మరొకటి కావాలి. 1976 నాటి సవరణద్వారా మన రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృష్టినీ, మానవతావాదాన్నీ ఒకే వాక్యంలో పక్కపక్కన పెట్టారు. ఒకటి రెండవదాన్ని తనంత తానే ఇస్తుందనుకొనివుంటే రెండూ రాయవలసిన అవసరం వుండేది కాదు.

*

కనుక విద్యార్థికి నా జవాబు ఇది. ఆ రైతుల బాధకు మనశ్శాస్త్రంలో పేరు వుండవచ్చు. ఆ పేరు చికిత్సకు పనికివస్తుంది. సమయానికి వైద్యం, ఓదార్పు అందివుంటే కొందరు బతికివుండేవారు కూడా. కనుక దాన్ని చులకన చేయవద్దు. కాని ఆ పేరుతో విచారణ ముగించవద్దు. ఎవరు ఎవరికి ఏమి బాకీపడ్డారు అన్న లెక్క అప్పుడే మొదలవుతుంది. రైతు దుకాణదారుకు బాకీపడ్డాడని పద్దుపుస్తకం చెబుతుంది. సమాజం రైతుకు బాకీపడిందని పద్దుపుస్తకం చెప్పదు. ఆ లెక్క రాయవలసింది సాహిత్యం, తేల్చవలసింది ప్రజా వుద్యమం.

అభ్యుదయ విమర్శకుల బాధ్యత కూడా ఇక్కడే వుంది. ఒక నవలను శాస్త్రీయమని ముద్రవేసి అలమరలో పెట్టటం విమర్శ కాదు. అందులోని మనిషి ఏ కారణాలవల్ల అలా అయ్యాడో శాస్త్రాల సాయంతో తెలుసుకోవాలి. ఆ తరువాత అతడిమీదా, అతణ్ణి అలా చేసినవారిమీదా తీర్పు చెప్పే బాధ్యతనుంచి తప్పుకోకుండా వుండాలి. ఇకమీదట నేను "అసమర్థుని జీవయాత్ర"ను బోధించేటప్పుడు ఆత్మన్యూనత దగ్గర పాఠం ఆపను. అసమర్థుడు ఎవరు అన్న ప్రశ్నను తరగతికే వదిలిపెడతాను. స్టేషన్ ఘన్‌పూర్ విద్యార్థులకు ఆ ప్రశ్న నాకంటె బాగా తెలుసు.